నాలుగో పిన్ను

త్రియెస్తెలో బోరా గాలి లేచిన రోజు
వీధుల్లో తాళ్లు కడతారు, పట్టుకు నడవడానికి.
నివేస్ ఫుర్లాన్ గొడుగుల కొట్టుకి
ఆ రోజే గిరాకీ.

ఈసారి ఫోను మోగలేదు.
షట్టరుకి రెండు తాళాలు, గల్లాకి ఒకటి,
వేసినవి వేసినట్టే ఉన్నాయి.
పోయింది పేరు.

తాత ఇత్తడి పలక మీద చెక్కించిన పేరే.
చివర ఓ చుక్క, రెండక్షరాలు తగిలించి
మేనల్లుడు దారియో కొన్నాడు పదకొండేళ్ల కిందట,
కాలేజీనాటి తన ఈమెయిలుతో.
అది ఎప్పుడో పాడుపడింది.
ఆ పాడుకొంపలో ఎవడో దూరి, ఇంటాయనలా గొంతు సవరించుకుని
తాళంచెవి అడిగాడు.
ఇచ్చేశారు.

ఇప్పుడా పేరు కొడితే
చేతిగడియారాలు, సగం ధరకి.
కింద ఆమె తాత ఫొటో, తీయడం మరిచినట్టున్నారు,
ఇంకా నవ్వుతూ.

దొంగలు పడ్డ ఆర్నెల్లకైనా కుక్కలు మొరుగుతాయంటారు.
ఇక్కడ కుక్క కూడా లేదు.
గ్రాజ్ నుంచి ఓ టీచరమ్మ ఉత్తరం రాసింది:
"డబ్బు కట్టాను, నా గొడుగేదీ?"
ఆ డబ్బు నివేస్ కంటితో చూడలేదు.
గొడుగు మాత్రం పంపింది, చెర్రీకొయ్య పిడిది.

రాత్రిళ్లు పాత రసీదులు ఏరుతోంది,
నేను నేనేనని
ముక్కూమొహం తెలియని ఆఫీసుకి రుజువు చేయడానికి.
బదిలీకి గొళ్లెం ఉంటుందట, దారియో చెప్పాడు నేలచూపులతో.
"ఎంత?"
"ఉచితం. ఒక్క నొక్కు."
ఆమె ఏమీ అనలేదు. ఒక ఊచ వంచి సరిచేసింది.

అద్దానికి కాగితం అంటించింది: మేం ఇక్కడే ఉన్నాం.
తలుపు తీసినప్పుడల్లా గాలికి ఒక మూల లేస్తోంది.
నాలుగో పిన్ను కోసం
సొరుగులన్నీ వెతుకుతోంది.