చేబదులు

శనివారం రాత్రి దొరల బండ్లన్నీ దోహాకు మళ్ళినంక
సీలైన్ ఇసుకల మిగిలేది మేమే.
నలభై కారవాన్లు, నలభై తాళంచెవులు,
ఒక్కొక్క తాళంచెవికి కావలి ఒక్కొక్క మనిషి.

నా పేరు దుబ్బరాజం.
దుబ్బ నీ పేర్లనే ఉన్నది కదరా అని
మేస్త్రీ నవ్వి నన్నిక్కడికి తోలిండు.
చేతిల ఒక లిస్టు పెట్టిండ్రు:
జనరేటరు ఒకటి, పారలు రెండు, గ్యాసుబుడ్లు నాలుగు, జాకీ.
ఏది పోయినా నీ జీతంలకెల్లే.

మొదటి వారమే జాకీ కోసం తిల్ బహదూర్ వచ్చిండు.
లేదన్న.
జాకీ నా మంచం కిందనే ఉన్నది.
వాడు మంచం కిందికి చూసిండు, నా మొఖం చూసిండు,
"సరే దాయ్" అని పోయిండు.
మూడోనాడు గాలిదుమారంల నా డేరా గుంజ ఊడితే
సుత్తె పట్టుకొని అందరికన్న ముందు ఉరికొచ్చింది వాడే.
జాకీ మాట ఎత్తలే.
ఎత్తినా బాగుండు.

అప్పటి సంది లిస్టుల సామాను నా కాడ నిలువలే.
పార ఇద్రీస్ కాడ, ఇద్రీస్ గాలిపంపు మొఫిజుల్ కాడ,
మొఫిజుల్ పెద్ద గంజి నా పొయ్యి మీద.
బుధవారం రాత్రి అన్నీ మళ్ళ ఎవరి గూటికి అవి.
గురువారం దొర లెక్కపెడితే తక్కువ పడేది కాదు.
ఒకసారి ఎక్కువ పడ్డది.
"ఈ పట్కారు ఎక్కడిది?"
ఇసుకల దొరికింది బాబా, అన్న.

ఒకనాడు దీపం పెట్టే యాళ్లకు
(ఇక్కడ దీపమంటే జనరేటరు తాడు గుంజుడే)
ముప్పయ్యో నెంబరు కెల్లి ఒకామె వచ్చింది.
నల్లటి అబాయ, చేతిల స్టీలుగిన్నె.
"మిల్హ్" అన్నది. ఉప్పు.
సిలోనామె అనుకున్న.

పొద్దుగూకినంక ఉప్పు ఇయ్యద్దు.
ఇచ్చినా చేతికియ్యద్దు, కొట్లాటయితది.
మా అవ్వ మాట విమానమెక్కకుండనే
ఇంత దూరమొచ్చి నా చెయ్యి పట్టుకున్నది.
వంట పొయ్యి మీదున్న మనిషికి ఇయ్యకుంటే ఎట్ల?
పొట్లం తెచ్చి ఆమె ముంగట ఇసుక మీద పెట్టిన.
ఇంకొకరైతే గయ్యిన లేచేటోళ్లు,
కుక్కకేసినట్టు ఏస్తవా అని.

ఆమె చెయ్యి చాపనే లేదు.
పొట్లం నేలకు ఆనేదాక ఆగి,
నా వేళ్ళు ఎడమైనంక వంగి తీసుకున్నది.
అట్లనే వంగి ఉండి, నవ్వింది:
"ఏ ఊరండీ మీది?"

పేరు వీరవేణి. రాజోలు అవతల ఏదో లంక.
ఆమె "ఆయ్" అంటే నాకు నవ్వు,
నేను "గట్లనా" అంటే ఆమెకు నవ్వు.
మర్నాడు అదే గిన్నెల పెరుగు.
"పాలపొడి పాలైనా పర్లేదండీ,
ఓ చెంచాడు కలిపి ఒదిలెయ్యండి. తోడుకుంటాది."

తోడు అన్న మాట తిల్ బహదూర్‌కు
ఏ భాషల చెప్పాల్నో తెల్వక
చెంచా వాని చేతిల పెట్టిన.
వాని కాడికెల్లి మొఫిజుల్‌కు, ఆడికెల్లి ఇంకెవరికో.
ఇద్రీస్ ఒంటెపాలల్ల మాత్రం ఎంతకూ తోడుకోలే.
నాలుగు రాత్రులు చూసిండు, దుప్పటి కప్పి కూడ చూసిండు.
పాపం, మొఖం మాడ్చుకున్నడు.

మార్చి నెల. కారవాన్లు గుంజుకపోయే ట్రక్కులొచ్చినయి.
డీజిలుకు మెసయీద్ పోయి వచ్చేవరకు
ముప్పయ్యో నెంబరు జాగల నాలుగు ఇటుకలు,
ఆరేసిన బట్టల క్లిప్పు ఒకటి.

గిన్నె నా కాడనే ఉండిపోయింది.
సనాయా రూముల బల్బు కిందికి పట్టి చూస్తే
అంచు మీద చుక్కలు చుక్కలుగ కొట్టిన అక్షరాలు:
పెచ్చెట్టి సత్యవతి.
వీరవేణి కాదు.
ఆమె కూడ ఎవరి కాడనో తెచ్చుకున్నదే.

నా లిస్టుల లేని సామాను ఇదొక్కటే.
రోజూ రాత్రి దీంట్లనే పాలు పోస్త, మూత పెడ్త.
మళ్ళ ఇయ్యాల్సిందే, ఉత్తగిన్నె ఇయ్యరాదు.
ఎవరికియ్యాల్నో తెల్వదు గని
ఏం పోసి ఇయ్యాల్నో ఆలోచిస్తనే ఉంట.