వారం రోజుల కౌలు

హాల్వర్ ఒక్కొక్కటే లెక్కపెట్టి అప్పగించాడు.
చెంచాలు పన్నెండు. దుప్పట్లు ఆరు.
ప్రమాదంలో వెలిగించే ఎర్ర దివిటీలు నాలుగు,
"వీటితో పని పడకూడదనుకోండి" అన్నాడు.
లంగరు గొలుసు యాభై మీటర్లు,
పది మీటర్లకో పసుపు గుర్తు.
కింద సంతకం పెట్టాను.
సెప్టెంబరు మొదటి వారం మొత్తానికీ
'తెర్నె' అనే తెల్ల తెరచాప పడవా
దాని కింద ఉన్నంత సముద్రమూ మాకు కౌలు.
నేనూ, మా చెల్లి సున్నివా, దాని మొగుడు యోస్టైన్.
ట్రోన్‌హైమ్‌లో ముప్పై ఏళ్ళు ట్రామ్ నడిపినదాన్ని,
పట్టాలు లేనిచోట తోలడం ఇదే మొదలు.

కరపత్రం నిండా పఫిన్ పక్షులు.
మేం చేరేసరికి అవి వెళ్ళిపోయి నెలయిందట.
కొండచరియంతా ఖాళీ బొరియలు,
చేపల కంపు, రాతిమీద తెల్లటి చారలు.
యోస్టైన్ కెమెరాని మెడలోంచి తీసి
సొరుగులో పెట్టాడు, సాక్సుల పక్కన.

మూడోరోజు తెల్లతోక గద్ద ఒకటి
తెరచాప కొయ్య ఎత్తున వచ్చి, మమ్మల్ని చూసి
పనికొచ్చేదేం లేదని తేల్చుకుని పోయింది.

నాలుగోరోజు పొగమంచు.
ఎక్కడో, కుడిపక్కో ఎడమపక్కో తెలీదు,
ఎవరో పెద్ద ఊపిరి వదిలారు.
సున్నివా నోటిదాకా వచ్చిన కప్పు అక్కడే ఆగింది.
మళ్ళీ వదిలారు. ఈసారి వాసన కూడా:
కుళ్ళిన కేబేజీ, ఉప్పు, లోతు.
తిమింగలాన్ని మేం చూడనేలేదు,
దాని నోటి తడి మాత్రం మా మొహాల మీద పడింది.
"ఇది ఫోటోలో రాదుగా" అంది మా చెల్లి,
మొగుడి మీద ఏదో పందెం గెలిచినట్టు.

అయిదోరోజు జలసంధి మధ్యలో
ఓ చిన్న అల్యూమినియం పడవ అడ్డంగా వచ్చింది.
అందులో ఒకావిడ చెయ్యెత్తి
అరచేత్తో గాలిని కిందికి నొక్కింది:
ఇంజను ఆపు.
ఆపాను.
ముందు ఎండుకొమ్మలనుకున్నాను,
ఏ వరదకో కొట్టుకొస్తున్న చెట్లు.
కొమ్మల కింద కళ్ళున్నాయి.
రెయిన్‌డీర్లు, వందలు వందలు,
వేసవి మేసిన దీవి వదిలి అవతలి గట్టుకి ఈదుతున్నాయి.
ఒక్క అరుపు లేదు.
ముక్కుల్లోంచి గాలి, గిట్టల కింద నీళ్ళు,
చేటలో బియ్యం చెరుగుతున్నట్టు సన్నటి చప్పుడు.

ఆవిడ పడవ దగ్గరికి తెచ్చి గుసగుసగా చెప్పింది,
బెదిరాయంటే గుండ్రంగా తిరుగుతాయి,
తిరిగి తిరిగి అలిసి మునుగుతాయి.
ఈలోగా పోటు మమ్మల్ని మంద వైపే ఈడుస్తోంది.
ఇంజను వెయ్యకూడదు. లంగరు వదిలితే
గొలుసు మోతకి సముద్రమే ఉలిక్కిపడుతుంది.
వంటగది తువ్వాళ్ళు చేతులకి చుట్టుకుని
ముగ్గురం కూర్చుని కణుపు కణుపుగా దించాం,
నిద్రపోయిన పిల్లని మంచమ్మీద పడుకోబెట్టినట్టు.
మొదటి పసుపు గుర్తు. రెండోది.
ముప్పై ఏళ్ళు గంట కొట్టి
అందర్నీ దారిలోంచి లేపినదాన్ని.
నాలుగో గుర్తు దాటాక అడుగు దొరికింది.

చివర్న ఒక దూడ వెనకబడింది.
తల్లి కాదు, ఇంకేదో ముసలి మగది
దాని పక్కన నెమ్మదించింది.
ఎందుకో నాకు తెలీదు. అడిగితే
"నాకూ తెలీదు" అంది బిరెత్.
అప్పటికి తన పేరు చెప్పింది,
అప్పటికి మా పడవలో కాఫీ తాగుతోంది,
ఎండుమాంసం ముక్కలు కప్పులో వేసి చెంచాతో కలుపుతూ,
కళ్ళు మాత్రం అవతలి ఒడ్డున
ఒళ్ళు దులుపుకుంటున్న మందని లెక్కపెడుతూ.
లెక్క మధ్యలో లేచి వెళ్ళిపోయింది.

శనివారం హాల్వర్ మళ్ళీ కాగితం తీశాడు.
దివిటీలు నాలుగు. దుప్పట్లు ఆరు.
గొలుసు సరిపోయింది.
చెంచాలు పదకొండు.
"పన్నెండోది?" అన్నాడు.
ఎవరి కోటు జేబులోనో ఉందని చెప్పలేదు.
నలభై క్రోనర్లు కోసుకున్నాడు.
నేను బేరమాడలేదు.