పాటైతే పదకొండు

మల్లేశ్వరం మెట్రో మెట్ల కింద నా టీ బండి.
స్టవ్వు పక్కన మాట్లాడే పెట్టె.
ఎవరు స్కాన్ కొట్టినా కన్నడంలో అరుస్తాది:
హత్తు రూపాయి బందిదె.

చెంగల్రాయుడు వచ్చినప్పుడు
నేను అల్లం దంచతా ఉండా.
పలమనేరు యాస విని తలెత్తినా.
చంకలో నల్లపెట్టె,
చొక్కాకి బ్యాండ్‌సెట్టు నాటి బంగారు గుండీ,
ఒకటే మిగిలింది, మిగతావి పిన్నీసులు.
"డీజేలొచ్చినాక మమ్మల్ని పిలిచేవాళ్ళు లేరక్కా.
డ్రమ్ము కొట్టేవాడు సెక్యూరిటీలో చేరినాడు,
తాళం వేసేవాడు ఆటో తోలతాండాడు.
నాకు ఊదేది తప్ప ఇంకోటి రాదు."

టీ తాగినాడు. దుడ్లు అడగకముందే
క్లారినెట్ తీసి
పెళ్ళికూతురు లేని ఊరేగింపొకటి
మెట్లమీదుగా పైకి పంపినాడు.

జనం నిలబడతారు.
జేబులో చెయ్యి పెడతారు, ఫోను తీస్తారు,
అటూ ఇటూ చూసి
ఫోను మళ్ళీ లోపలేసుకుని పోతారు.
ఈ ఊళ్ళో జాలి ఉంది, చిల్లర లేదు.

ఆధార్‌లో చెంగల్రాయుడు,
పాసుబుక్కులో చెంగల రాయలు.
ఇద్దరూ ఒకడేనని
ఏ మేనేజరూ నమ్మలేదు.
"నా పెట్టెకే కొట్టించుకోప్పా" అన్నా.

రాత్రి పదిన్నరకి లెక్క.
పది, పది, ఇరవై, పది.
ఏ పది టీది? ఏ పది పాటది?
"నీదే అక్కా, టీ కోసమే కదా నిలబడినారు."
"నువ్వు ఊదితేనే కదా టీ అడిగినారు."
ఇద్దరం మర్యాదలకు పోయి
యశవంతపురం ఆఖరి బస్సు పోగొట్టుకున్నాం.

మర్నాడు బిస్కెట్ల అట్ట చించి
పూలమ్మే గిరిజక్కతో కన్నడంలో రాయించినాడు:
టీ పది. పాట పదకొండు.
"చదివింపులకి నూటపదహార్లు ఎందుకేస్తారు?
పైన కొసరు ఉంటేనే
లెక్క ముగిసిపోనట్టు."

అప్పటినించి పెట్టె హన్నొందు అంటే
నా చెయ్యి నోటుబుక్కు మీదికి పోతాది.

కానీ అది పాట మధ్యలో అరుస్తాది, పాడు పెట్టె,
ఆలాపన గొంతు మీద కాలేసినట్టు.
గొంతు తగ్గించబోయినా. వద్దన్నాడు.
మూడు రోజులు చెవి ఒగ్గి విన్నాడు దాన్ని.
"ఇది పంచమం మీద ఆగుతాది రెడ్డెమ్మక్కా."
నాలుగోనాడు
పెట్టె అరవబోయే ముందు చిన్న 'టింగ్' వస్తాదే,
అంతలోపలే పంచమానికి చేరి నిలుచున్నాడు.
పెట్టె పలికింది. దాన్ని భుజానెత్తుకుని
మళ్ళీ పైకి పోయినాడు.
కాలేజీ పిల్లోళ్ళు చప్పట్లు కొట్టినారు.
అది కూడా వాద్యమే అనుకున్నారో ఏమో.

అన్ని రోజులూ అట్లా లేవు.
బీట్ కానిస్టేబులు అవతలికి పొమ్మంటాడు,
అవతల ఉండేది కూరగాయల లారీ హారను.
వానలో రీడు ఉబ్బి
క్లారినెట్ బాతులా అరిచింది ఒకనాడు,
గోడకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు,
వానే అన్నాడు.

ఆషాఢం పోయినాక ఒక రాత్రి
లెక్క రెండుసార్లు కూడి, పెన్ను మూసి,
ఎవరో చుట్టం సంగతి చెప్పినట్టు చెప్పినాడు:
"ఈ నెల రూము బాడిగ
పాటే కట్టింది."
ఇంకో టీ పోసినా.
దానికి పది ఇచ్చినాడు. రొక్కం.

నిన్న జ్వరమొచ్చి రాలేదు.
గోడ దగ్గర అట్టముక్క ఒక్కటే,
దాని మీద ఎవరో తాగేసిన కప్పు.
సాయంత్రం రద్దీలో పెట్టె అరిచింది:
హన్నొందు.
తలెత్తి చూసినా. కళ్ళద్దాలాయన,
చేతిలో టీ కూడా లేదు.
"సార్, ఈరోజు పాట లేదు."
"మొన్నటిది. అప్పుడు బస్సొచ్చేసింది"
అనుకుంటానే మెట్లెక్కి పోయినాడు.

పెట్టె పంచమం మీద ఆగింది.
ఎత్తుకునేవాడు లేడు.
అల్లం చేతుల్ని కొంగుకి తుడుచుకుని
చెంగల్రాయుడి పేరు కింద రాసినా:
రాని రోజు, పదకొండు.