పుడకలు

వల్దీవియాలో వాన ఆగడమంటే
ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలెట్టడమే.
ఆ వానలోనే తెల్లారి ఐదింటికి ప్రయోగశాల తలుపు తీస్తాను.
ఎర్ర దీపం. వరసగా పెట్టెలు. రంపపు పొట్టు వాసన.
నా ఉద్యోగం లెక్కపెట్టడం:
మూడు నిమిషాలకోసారి ఏ తల్లెలుక పిల్లల్ని నాకుతోంది,
ఏది నాకడం లేదు.
నాకితే ఒక గీత. లేకపోతే ఖాళీ.

ఇరవై ఆరో పెట్టె తల్లికి అన్నీ ఖాళీలే.
చెడ్డదేం కాదు.
దాని తల్లి కాగితమూ నేనే నింపాను.
అదీ ఇంతే.

నాకుడు కరువైన పిల్ల
పెద్దయ్యాక తలుపు కిర్రుమంటే బిగుసుకుపోతుంది.
తలలో ఎక్కడో, భయాన్ని చల్లార్చే మీట మీద
మైనం కారి గడ్డకట్టినట్టు.
మీట ఉంటుంది. వేలికి అందదు.
డాక్టర్ ఇరిబార్రెన్ ఇంకా పొడుగు మాటలు వాడతాడు.
నాకు మైనం చాలు.

ఇంట్లో నవెల్ ఉన్నాడు. ఐదేళ్లు.
పదకొండు నెలల కిందట కోర్టు కాగితంతో,
కాళ్లకు రెండు రకాల చెప్పులతో వచ్చాడు.
దిండు కింద రొట్టె దాస్తాడు.
గిన్నె జారితే, అది నేలను తాకేలోపే
వాడు బల్ల కింద ఉంటాడు.
వాడి అమ్మను ఒక్కసారే చూశాను, కోర్టు వరండాలో.
తలుపు చప్పుడైన ప్రతిసారీ
ఆమె భుజాలూ ఉలిక్కిపడుతున్నాయి.
ఆమెది ఏ నంబరు పెట్టెో,
ఆమె ఖాళీలు ఎవరు లెక్కపెట్టారో.

పొరుగింటి దోన్యా ఎదిల్మా
మా కట్టెల పొయ్యి దగ్గర మాతే తాగుతూ తీర్పు చెప్పేసింది:
"రక్తం మారదు ఒరియెతా.
పుట్టుకతో వచ్చింది పుడకలతోగానీ పోదు."

నేను వాదించలేదు.
ఇరవై ఆరు నుంచి రెండు పిల్లల్ని తీసి
పుట్టిన రోజే నలభయ్యో పెట్టెలో వేశాం.
ఆ తల్లి ఒక్క క్షణం వాసన చూసింది,
ఎవరి పిల్లలని అడగలేదు, నాకింది.
వాటిలో ఒకటి ఇప్పుడు వెలుతురులోకొచ్చి
నట్టనడుమ నుంచి నడుస్తోంది.
రెండోది ఇంకా గోడ పట్టుకునే.
రెండోది సగటులో కలిసిపోతుంది.

నవెల్ పుట్టిన రోజు నా చేతికి రాలేదు.
నాలుగేళ్లు ఆలస్యానికి
మా దగ్గర పెట్టె లేదు, గీతల కాగితం లేదు.

రాత్రి స్నానమయ్యాక తువ్వాలుతో వాడి తల తుడుస్తాను.
మొదట్లో మెడ కర్రలా ఉండేది.
ఇప్పటికీ చాలా రోజులు అంతే.
ఎప్పుడైనా ఒకసారి, చెప్పకుండా,
తల బరువంతా నా అరచేతిలో వదిలేస్తాడు.
నేను లోలోపల ఒక గీత గీస్తాను. అలవాటు.

ఇవాళ గాలికి కిటికీ రెక్క దబ్బున కొట్టుకుంది.
వాడు బల్ల కిందికి.
నేను కదలకుండా నేల మీదే కూర్చున్నాను.
చాలాసేపటికి అక్కణ్నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది,
పిడికిట్లో మూడు పుడకలు.

"పొయ్యి ఆరిపోతోంది," అన్నాడు.