బొమ్మలో లేని డబ్బా

మూడు వారాలు గీశాను ఆ బొమ్మ.
పైన వ్యాపారం, దాని కింద పనులు,
పనుల కింద సాఫ్ట్‌వేర్లు,
అన్నిటికీ అడుగున సర్వర్లూ వైర్లూ.
గుంటూరు చుట్టూ ఉన్న నాలుగు కోల్డ్ స్టోరేజీలు
నాలుగు నీలం డబ్బాలై
ఒకదాని మీదికొకటి బాణాలు విసురుకుంటూ
ఒక్క కాగితంలో ఒదిగాయి.
ఎండీ గారు అద్దాలు నుదుటి మీదికి తోసి
"ముగ్గులా ఉందమ్మా" అన్నారు.
మెచ్చుకోలే అనుకున్నాను.
ముగ్గన్నాక ఎవరో ఒకరు తొక్కుతారని
అప్పుడు తట్టలేదు.

ఏటుకూరు రోడ్డు గేటు దగ్గర మొదటి రోజు
దగ్గీ దగ్గీ కళ్లనీళ్లు పెట్టుకున్నాను.
వాచ్‌మన్ స్టూలు మీంచి లేవకుండానే
"ఎవరో కొత్తోళ్లు" అని లోపలికి కేకేశాడు.
ఏ కంపెనీ అమ్మని అలారం ఆ మిరప ఘాటు:
ఊరివాళ్లకి ఊపిరి, పరాయివాళ్లకి దగ్గు.
నవ్వుకున్నాను గానీ
నోట్సులో రాసుకోలేదు.

మార్చి. లారీలు రోడ్డు మీదే నిద్రపోయే నెల.
తెల్లవారుజామున నాలుగింటికి ఫోను.
ఫైళ్లన్నీ పేర్లు మార్చుకున్నాయి.
తెర మీద ఇంగ్లీషులో, చాలా మర్యాదగా,
ఎవరో డబ్బడుగుతున్నారు.
ఎనభై వేల టిక్కీలు చలిలో పదిలంగానే ఉన్నాయి.
ఏది ఎవరిదో మాత్రం
ఏ తెరా చెప్పదు.

దొంగ వచ్చిన దారి వెతుక్కుంటూ పోతే
కాటా గదిలో, మెట్ల కింద,
పాత తువ్వాలు కప్పుకుని ఒక కంప్యూటరు.
నా బొమ్మలో అది లేదు.
ఆస్తుల జాబితాలోనూ లేదు.
పాస్‌వర్డ్ గోడ క్యాలెండరు మీద,
అమావాస్య పక్కన, పెన్సిలుతో.
కిటికీ చువ్వల్లోంచి పైకి పాకిన వైరు
తిన్నగా అకౌంట్స్ గదిలోకి.

"నేనే లాగించానండి," అన్నాడు ఏసుపాదం.
"కాటా చీటీ పైన ఇచ్చి రావాలంటే
రోజుకి నలభైసార్లు మెట్లు. మోకాలు వాచిపోయింది.
మా బామ్మర్ది కేబులు పని చేస్తాడు,
ఓ ఆదివారం వచ్చి కలిపి పోయాడు."
కాసేపాగి, తల వంచుకోకుండానే,
"మూడు వారాలు తిరిగారు గదమ్మా,
నన్నెవురూ అడగలా."

బ్యాకప్ ఉంది. పక్క గదిలో, అదే వైరు చివర.
దానికీ తాళం పడింది.
సాంబ్రాజ్యం గారు చేత్తో రాస్తున్న పుస్తకం
జనవరిలో ఆగిపోయింది, కంటి ఆపరేషనుకి.
పొద్దెక్కేసరికి గేటు ముందు రైతులు.
పంచె ముడుల్లోంచి, చేతిసంచుల్లోంచి,
సెల్‌ఫోను కవర్ల వెనక నుంచి
గులాబీ రంగు చీటీలు బయటికొచ్చాయి.
చెమటకి అక్షరాలు అలుక్కుపోయినవి,
ఒకటైతే చొక్కాతో పాటు ఉతికినది.
మా అసలు నకలు ఇన్నాళ్లూ
వాళ్ల జేబుల్లో తిరుగుతోందన్నమాట.

ఒక్కడి దగ్గర చీటీ లేదు.
కౌలుకి చేస్తున్న సైదులు, క్రోసూరు దగ్గర్నుంచి.
"మూడో చాంబరు, ఎడం పక్క, కింద నుంచి నాలుగో వరస.
నిలబడి పెట్టించుకున్నా" అన్నాడు.
అందరం ముఠా మేస్త్రి బాజీ వైపు చూశాం.
"నిజమే. ఆ పూట చలికి పళ్లు కొట్టుకుంటంటే
నా కోటు నేనే ఇచ్చా."
పాస్‌వర్డ్ లేదు, ఓటీపీ లేదు.
ముప్పై ఆరు టిక్కీలు లెక్కకి సరిపోయాయి.

నివేదిక నలభై పేజీలు.
అందులో అన్నిటికంటే చవకైన సిఫారసు:
చీటీల ట్రే కింది అంతస్తుకి దించండి.
ఎండీ గారు ఫైర్‌వాల్‌కి సంతకం పెట్టారు.
ట్రే సంగతి వచ్చే సీజనుకి చూద్దామన్నారు.

బొమ్మ మళ్లీ గీశాను.
మెట్ల కింద ఒక చిన్న డబ్బా,
చేత్తోనే, కొంచెం వంకరగా.
డబ్బాకి పేరుండాలి గదా.
'ఏసుపాదం మోకాలు' అని రాసి,
కొట్టేసి,
మళ్లీ రాశాను.

నిన్న ఏటుకూరు గేటు దాటాను.
వాచ్‌మన్ తలెత్తలేదు.
సగం దూరం నడిచాక గానీ గమనించలేదు,
నాకు దగ్గు రాలేదని.
ప్రమాదాల పట్టికలో దీన్ని
ఏ గడిలో వెయ్యాలో తెలీక
పెన్నుకి మూత పెట్టాను.