నాలుగు బోర్ల లోతు

పొద్దుగూకంగనే రాస్ అల్ ఖైమా గుట్టలు
మాడిన కుండపెంకు రంగుకొస్తయి.
గప్పుడు మైదానంల లైట్లేస్తరు.
కాలేజోళ్ల ఆట. పేరుకు ఫుట్‌బాలే గానీ
కాలు తగిలేది తక్కువ, తలకాయలే తగులుతయి.
బంతి గూడ రెండు కొసలు చెక్కిన సోరకాయ.

నా పని హెల్మెట్ల కాడ.
నలభై హెల్మెట్లల్ల ఒక్కదానికే
వెనక ఆకుపచ్చ చుక్క.
ఆ చుక్కున్న పిల్లగాని చెవిల
కోచ్ డెలానీ గొంతు పడుతది.
గడియారంల పదిహేను సెకన్లు మిగిలినయంటే
గొంతు దానంతటదే తెగుతది.
అటెన్క వాడొక్కడే.
వాని పేరు ఖల్ఫాన్, పందొమ్మిదేండ్లు.
హెల్మెట్ తీస్తే చెవులు ఎర్రగ కందిపోయుంటయి.

పోయిన బేస్తారం షెడ్డెనక
పాత స్కానర్ తిప్పుకుంట కూసున్న.
ముందుగాల టాక్సీ డ్రైవర్ల పంచాది.
ఇంకింత తిప్పితే పక్క బిల్డింగు క్రేను కింద
ఎవరో మనోడే:
"రాజలింగూ, ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపాపు!"
జరసేపు ఆడ్నే ఉన్న.
లేపే బరువెంతో కనవడలే,
ఆ 'ఆపు'ల మాత్రం తెలిసింది.
మళ్ల తిప్పితే డెలానీ.
సాఫ్‌గ, పక్కన కూసోని చెప్పినట్టు.
కుడికి ఉరకాలన్నడు, ఎడమకు మోసపుచ్చాలన్నడు.
తాళం లేదు, గొళ్లెం లేదు,
తడికన్న అడ్డం లేదు.

అవతలి జట్టు సామాన్లు మోసే బిజోయ్
చాయ్ తాగుకుంట మెల్లగ అడిగిండు:
"ఆ ఛానెల్ నంబరొక్కటి చెప్పు, ఐదొందల దిర్హాంలు."
నా నెల మెస్సు పోను ఇంకా మిగులుతయి.
ఇద్దరి చాయ్ పైసలు నేనే కట్టి లేసిన.
నీతిమంతున్నని గాదు.

మా రూముల ఎనిమిది మంచాలు.
దుప్పటి ముసుగేసుకొని మాట్లాడినా
ఏడు జతల చెవులు మేలుకోనే ఉంటయి.
అందుకే నేనూ భూలక్ష్మీ ఒక భాష కట్టుకున్నం.
"మోటరు నడుస్తుందా" అంటే, నిద్ర పడ్తలేదు.
"ఫ్యూజు పోయింది" అంటే, అత్తతోటి లొల్లయింది.
"కరెంటు రాత్రికొస్తదట" అంటే...
అది మీకు జెప్ప.

రాత్రి రేడియోలకు తాళమేసిన.
పన్నెండంకెలు అడిగింది డబ్బా.
పుట్టిన తారీఖులు పెట్టొద్దని కాయితంల రాసుంది.
మూడొందల పది.
రెండొందల ఎనభై ఐదు.
నాలుగొందల ఇరవై.
ఐదొందల అరవై.
నీళ్లు పడని నాలుగు బోర్లు.
ఆఖరుదాంట్ల లేసిన తెల్లదుమ్ముకు
భూలక్ష్మి తలెంట్రుకలు ముసలిదానోలె అయినయి,
నేను నవ్విన, ఆమె నవ్వలే.
ఆ లెక్క ఇప్పుడు ఇద్దరికే యాది.
బోరుబండోడు ఆ సాయంత్రమే మరిచిపోయుంటడు.

తెల్లారి స్కానర్ల ఉత్త గరగర,
ఎండిన బోరుల గులకరాయేసి చెవి పెట్టినట్టు.
డెలానీ మాట నాలుగింట్ల దిగి
ఖల్ఫాన్ చెవిల తేలుతుంది.

ఆట ఓడినం. ఇరవై ఒకటి, పద్నాలుగు.
ఎవడూ వినకున్నా ఓడొచ్చు.
హెల్మెట్ నా చేతికిచ్చుకుంట ఖల్ఫాన్
వచ్చీరాని హిందీల అన్నడు:
"కోచ్ గొంతు తెగినంక లోపల ఏమినవడ్తదో ఎరుకనా?
నా ఊపిరి. బగ్గ సప్పుడు."
చెమట తుడిచి, బ్యాటరీ చార్జింగుకు పెట్టిన.

రాత్రి పదకొండుకు ఫోను. ఈసారి ఆమెనే ముందుగాల:
"మోటరు నడుస్తుందా?"
"నడుస్తుంది" అన్న.
మీది మంచంల నాంపెల్లి ఒత్తిగిల్లి నవ్విండు:
"మోటరేడిదిరా నీకు? బోర్లే పడకపాయె!"
అటు భూలక్ష్మికి గూడ వినవడ్డట్టుంది.
రేపటికెల్లి ఇంకో మాట ఎతకాలె.