పావు చుట్టు

మా బట్టీ అరవై రెండు మీటర్ల పొడుగు.
దార్ఖాన్ ఊరి చివర, గాలికి అడ్డంగా,
ఒక కొసకి కాస్త ఒరిగి పడుకుని
ముప్పై ఏడేళ్ళుగా పొర్లుతూనే ఉంది.
కడుపులో సున్నపురాయి ఎర్రగా ఉడుకుతుంటుంది.
బయట, జనవరిలో, ఉమ్మితే నేల తాకేలోగా గడ్డకడుతుంది.

చేరిన మొదటి వారం,
డిగ్రీ కాగితం మడత నలగకముందే,
దాష్‌జెవెగ్ నా చేతికి ఒక కర్ర ఇచ్చాడు.
"ఈ కొస బేరింగు మీద. ఆ కొస చెవి వెనక ఎముకకి.
నువ్వు మాట్లాడకు."
నాకు మోత వినబడింది. పొద్దంతా మోతే.
సాయంత్రం అడిగాడు, ఏమంది అని.
బాగానే ఉందంది, అన్నాను.
"అది అనలేదు. నువ్వన్నావు."
గ్రీజు గుడ్డతోనే ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత కొన్ని తెలిశాయి.
గ్రీజు రెండు వేళ్ళ మధ్య రుద్దితే
గరుకు తగలడం ఎంత చెడ్డ కబురో.
బోల్టు ఎక్కడ ఆగమంటుందో మణికట్టుకి తెలియడం.
లెక్కలు కూడా తెలుసు, నేనేం తక్కువ చదవలేదు.

అక్టోబరులో చలికాలపు జాబితా వచ్చింది.
నలభై మూడు గళ్ళు, నలభై మూడు టిక్కులు.
ముప్పయ్యో గడి: చిన్న ఇంజనుకి చలి డీజిలు మార్చడం.
డబ్బా మీద చీటీ చూశాను.
ట్యాంకు మూత తీయలేదు.
ఆ రోజు కాళ్ళు కొంకర్లు పోతున్నాయి.

కరెంటు పోయిన రాత్రి
దీపాలకన్నా ముందు మోత పోయింది.
క్వార్టర్లలో పడుకున్న పిల్లలు కూడా
నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచారట.

వేడి బట్టీ ఆగకూడదు.
ఆగితే తన బరువుకి తానే వింటిబద్దలా వంగుతుంది,
లోపలి ఇటుకలు పళ్ళలా రాలతాయి.
అందుకే ఒక రేకుల కొట్లో
గుర్రప్పిల్లంత డీజిల్ ఇంజను కాచుకుని ఉంటుంది,
కరెంటు లేనప్పుడు ఆ కొండని
పావు చుట్టు, పావు చుట్టు తిప్పడానికి.

తాళం తిప్పాను. దగ్గింది. ఊరుకుంది.
మళ్ళీ తిప్పాను.
గొట్టం విప్పితే డీజిలు మైనంలా పేరుకుని ఉంది.
ముప్పయ్యో గడి నా కళ్ళముందు టిక్కుతో సహా నిలబడింది.

అప్పుడే దులామ్‌సురెన్ అక్క
రాత్రి షిఫ్టుకి ఉప్పు టీ గంగాళం తోపుడుబండి మీద తెస్తోంది.
దాష్‌జెవెగ్ బూట్లు విప్పి
లోపలి ఉన్ని మేజోళ్ళు టీలో ముంచి
గొట్టానికి, ఫిల్టరుకి చుట్టాడు.
"నలభై మంది గొంతులో పొయ్యాల్సిన టీ రా!" అని అక్క తిట్టింది.
తిడుతూనే గరిటెతో పోసింది,
పాలు, వెన్న, ఉప్పు, అంతా.
వట్టి కాళ్ళతో ఇనప గచ్చు మీద
ఒంటికాలు మార్చుకుంటూ ఆయన నన్నేమీ అడగలేదు.
నేను టార్చి పట్టుకున్నాను. అది వణికింది.

ఇరవై ఆరు నిమిషాలకి ఇంజను అందుకుంది.
బట్టీ ఒళ్ళంతా మూలిగింది.
సుద్దగీత మెల్లగా పైకి లేచింది. పావు చుట్టు.
తెల్లారేదాకా గడియారం చూసి పావు చుట్టు.

పొద్దున అక్టోబరు పేజీ తీశాను.
కొట్టెయ్యలేదు. టిక్కు పక్కన రాశాను:
చూడలేదు. నొమింతుయా.
దాష్‌జెవెగ్ చదివి, అక్షరం బాగుందన్నాడు.
ఆయన కుడి కాలి రెండు వేళ్ళు ఏప్రిల్ దాకా నల్లగానే ఉన్నాయి.

ఇప్పుడు ఈ ప్లాంటు సంతకాలన్నీ నావి.
చలికాలం మొదట్లో ఆ ఇంజను నడిపి చూస్తే
ఇంకా మాడిన పాల వాసన కొడుతుందని కొందరంటారు,
నాకు రాదు.

నిన్న కొత్త కుర్రాడు తెమూజిన్‌బాత్‌కి కర్ర ఇచ్చాను.
మూడో రోలరు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.
"బాగానే ఉంది, కానీ
చుట్టుకోసారి ఎక్కడో చిన్నగా తడబడుతోంది.
ఏంటది, మేడమ్?"

నేను, అన్నాను.